పూచీ ఎవరిది?

మా అపార్ట్‌మెంటు గోపన్‌పల్లిలో ఉంది. బాల్కనీలో నిలబడితే నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడలు కనిపిస్తాయి. ఒకరోజు పొద్దున్నే మా ఎదురు ఫ్లాటు తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఇంటిని స్వాధీనం చేసుకున్నామని బ్యాంకు నోటీసు. ఆ వారంలోనే పేపర్లలో కూడా వచ్చింది, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. బాకీదారుల పేర్లు రెండు. మొదటిది ఆయనది. రెండోది ఆమెది.

అప్పు కావాలనుకున్నది ఆయన. ఉద్యోగం వదిలి, స్నేహితుడితో కలిసి పెట్టిన వ్యాపారం కోసం ఫ్లాటు తాకట్టు పెట్టాడు. 2020లో కరోనా వచ్చి వ్యాపారం కుదేలైంది. ఏదోలా కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు గానీ చివరికి కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు వాళ్ళు ఆమె పేరున పంపిన కవరు కూడా ఆయనే తీసుకుని సొరుగులో పెట్టాడు. ఆ ఫ్లాటు కొన్నప్పుడు మొదట కట్టిన డబ్బు మాత్రం ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలం అమ్మితే వచ్చింది.

"మరి సంతకం ఎలా పెట్టావమ్మా?" అని అడిగాను.

"పెన్సిలుతో టిక్కులు పెట్టి తెచ్చారక్కా. కుక్కరు పొయ్యి మీదుంది. టిక్కు ఉన్నచోటల్లా పెట్టేశాను."

"చదవలేదా?"

"మీరు చదివారా అక్కా, మీ ఇంటి లోను కాగితాలు?"

నేను జవాబు చెప్పలేకపోయాను. విశ్వవిద్యాలయంలో సాహిత్యం పాఠం చెప్పేదాన్ని. ఒక్కో కథని వాక్యం వాక్యం విడదీసి, ఇక్కడ రచయిత ఏం దాచాడో చూడండి అని పిల్లలకు చెప్పేదాన్ని. మా ఇంటి అప్పు కాగితాల మీద మాత్రం నేనూ టిక్కులు చూసే సంతకాలు పెట్టాను.

ఆ తలుపు మీది నోటీసు చూసి మా రెండిళ్ళలోనూ పనిచేసే ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది. ఆమెది అప్పటి మెదక్ జిల్లాలో ఒక పల్లె. "మా ఊళ్ళె గూడ గిట్లనే అయిందమ్మా. మాకు కాయితం అంటివెట్టలె. మనుషులే వచ్చి అరుగు మీద కూసుండేటోళ్ళు, పైసలు కట్టేదాంక." ఐదుగురు ఆడవాళ్ళ గ్రూపు. వారం వారం కిస్తీ. అందులో ఒకామె భర్త జబ్బుపడితే కట్టలేకపోయింది. మిగతా నలుగురూ ఆమె వాటా కూడా కట్టాల్సొచ్చింది. "నేను చెవుల కమ్మలు కుదువవెట్టిన. ఆమెను నోటికొచ్చినట్టు తిట్టిన. పాపం, ఆమె చేసిందేముంది? గిప్పుడు యాదికొస్తె బాధయితది."

2010 నాటి సంగతులు మనలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ ఆగస్టులో హైదరాబాదు కేంద్రంగా పనిచేసే ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ వాటాలు స్టాక్ ఎక్స్ఛేంజికెక్కాయి. ఒక్కోటి 985 రూపాయలు పెట్టి కొనుక్కోవడానికి మదుపుదారులు ఎగబడ్డారు. రెండు నెలలు తిరక్కుండానే, పల్లెల నుంచి ఆత్మహత్యల వార్తలు వస్తుండగా, అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఇళ్ళ మీదికి వెళ్ళి వసూలు చేయకూడదంది. వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. అప్పుడు ఆ సంస్థలకు అప్పులిచ్చిన బ్యాంకులు ఇరుకున పడ్డాయి. 2011లో కొన్ని సంస్థల బాకీలకు గడువు పెంచి, కొంత బాకీని వాటాలుగా మార్చుకున్నాయి. దానికి 'రుణ పునర్వ్యవస్థీకరణ' అని మర్యాదైన పేరుంది. కిస్తీ కట్టలేకపోయిన ఆడవాళ్ళకు మాత్రం ఎగవేతదారులనే పేరు మిగిలింది.

ఒకటే రకం కష్టం. పెద్ద సంస్థకు వస్తే కూర్చుని మాట్లాడుకున్నారు. చిన్న మనిషికి వస్తే ఇంటిముందు కూర్చున్నారు.

ఈ తేడా మన దగ్గరే కాదు. 2008లో అమెరికాలో ఇళ్ళ అప్పులు కుప్పకూలినప్పుడు బ్యాంకులను నిలబెట్టడానికి ప్రభుత్వం 70,000 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది. లక్షలాది కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. ప్రభుత్వం డబ్బుతో బతికి బట్టకట్టిన ఏఐజీ అనే బీమా సంస్థ మరుసటేడు తన ఉద్యోగులకు 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇస్తే అక్కడి జనం మండిపడ్డారు. మన దేశంలో 2017 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వరంగ బ్యాంకులకు 2.11 లక్షల కోట్ల మూలధనం సమకూరుస్తామని ప్రకటించింది. పెద్ద కంపెనీల మొండిబాకీలతో ఆ బ్యాంకులు అప్పటికే కుంగిపోయి ఉన్నాయి.

బ్యాంకులను కాపాడటమే తప్పని నేను అనను. 2020 మార్చిలో యెస్ బ్యాంకు ఖాతాదారులు 50,000 రూపాయలకు మించి తీసుకోకూడదని ఆంక్ష పెట్టారు. అలాంటి చోట దాచుకున్నవాళ్ళలో పెన్షను మీద బతికే ముసలమ్మలు కూడా ఉంటారు. బ్యాంకు మునిగితే ముందు మునిగేది వాళ్ళే. నా ప్రశ్న వేరు. కాపాడే ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఎవరిని అడిగి?

మా పనామె చెప్పిన గ్రూపునే తీసుకోండి. కట్టలేనివాళ్ళ వాటా మిగతావాళ్ళు కట్టాలి. బ్యాంకుల విషయంలో దేశమంతా అలాంటి ఒక గ్రూపే. కట్టని పెద్దవాళ్ళ వాటా మనమందరం కడుతున్నాం. పన్నుల్లో కడుతున్నాం, మన బడికో ఆసుపత్రికో రాకుండా పోయిన డబ్బుతో కడుతున్నాం. తేడా ఒక్కటే. ఆ నలుగురాడవాళ్ళకు వారానికో మీటింగైనా ఉండేది. కట్టనామెను తిట్టడానికైనా, ఆమె కష్టం వినడానికైనా ఒక చోటుండేది. మన గ్రూపుకి మీటింగు లేదు. మనం సంతకమే పెట్టలేదు.

అప్పు తీసుకున్నవాళ్ళు తీర్చాలి, లేకపోతే రేపు ఎవరిస్తారు అని నా సహోద్యోగి ఒకరు వాదించారు. నిజమే. కానీ వడ్డీ అంటే ఏమిటి? డబ్బు మునిగే ప్రమాదాన్ని నెత్తినెత్తుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం కూడా అందులో ఉంది కదా. ఆ ప్రమాదం నిజంగా వచ్చినప్పుడు అది పూర్తిగా బాకీదారు మీదికే పోతే, ఇన్నాళ్ళూ వడ్డీ దేనికి తీసుకున్నట్టు? 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టు తీర్పు కోసం ఆగక్కర్లేకుండా తాకట్టు ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయొచ్చు. వేలంలో వచ్చింది చాలకపోతే మిగతాది కూడా బాకీదారు నుంచి రాబట్టుకోవచ్చు. ఇల్లు పోయినా అప్పు పోదు.

పూచీ ఎవరిదో తేల్చడానికి నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరికి తెలుసు? ఎవరు కాదనగలిగేవాళ్ళు? ఎవరికి లాభం? ఎదురింటాయనకు తెలుసు, వద్దనుకోగలిగేవాడు, లాభమొస్తే ఆయనదే. ఆయన్ని నేను వదలను. బ్యాంకుకి వాల్యూయరున్నాడు, లాయరున్నాడు, ఆయన పాత అప్పుల చరిత్రంతా చేతిలో ఉంది. తెలుసుకోగలదు, కాదనగలదు, వడ్డీ తీసుకుంది. మరి ఆమె? ఆమెకు తెలియదు. లాభం లేదు. కాదనగలిగేదా? కాదంటే "నామీద నమ్మకం లేదా?" అనే ప్రశ్నొస్తుంది. కాగితం చదవడమే అవిశ్వాసమయ్యే ఇళ్ళలో మనం బతుకుతున్నాం. ఆమె తప్పు అసలు లేదనను. చదువుకున్న మనిషి చదవకుండా సంతకం పెట్టడం తప్పే. నాదీ ఆ తప్పే. కానీ నోటీసులో రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి. అదీ నా అభ్యంతరం.

ఆస్తి కాగితాల్లో మన పేరుండాలని మనం కొట్లాడాం. 1980లలోనే మన రాష్ట్రంలో కూతుళ్ళకు తండ్రి ఆస్తిలో సమాన హక్కు వచ్చింది, దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. అది చిన్న విజయం కాదు. అయితే పేరు ఎక్కాక నిర్ణయం మన చేతికి రాకపోతే, ఆ పేరు పూచీకత్తుగానే పనికొస్తుంది. అప్పిచ్చే ముందు భార్యని విడిగా కూర్చోబెట్టి, ఆమె భాషలో, ఇది మునిగితే నీ ఇల్లు పోతుందని ఒక్క ఆఫీసరైనా చెప్పాలనే నిబంధన పెడితే ఎంత ఖర్చవుతుంది? జనం డబ్బుతో నిలబెట్టిన బ్యాంకులో ఆ అప్పులు మంజూరు చేసినవాళ్ళ పేర్లు కూడా పేపర్లో ఎందుకు వేయరు?

ఇక నా సంగతి. వేలం ప్రకటన వచ్చినరోజే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బజారు రేటుకన్నా బాగా తక్కువ. పాడేద్దాం." ఆ రాత్రి నేను లెక్కలు వేశాను. అవును, వేశాను. ఆమె వంటింటి కిటికీ ఎటుందో, గాలి ఎలా వస్తుందో నాకు తెలుసు కాబట్టి ఇంకా ఉత్సాహంగా వేశాను. తెల్లారాక వద్దన్నాను. ఎవరో కొనుక్కున్నారు. నేను కొననందువల్ల ఆమె బాకీ ఒక్క రూపాయి తగ్గలేదు. నా చేతులు శుభ్రంగా ఉన్నాయని చెప్పుకోవడానికి తప్ప నా నిర్ణయం దేనికీ పనికిరాలేదు.

ఆమె ఇప్పుడు నల్లగండ్లలో అద్దెకుంటూ పిల్లలకు ట్యూషన్లు చెబుతోంది. మిగిలిన బాకీ కోసం ఉత్తరాలు ఇంకా వస్తున్నాయి, రెండు పేర్ల మీద. ఈమధ్య కలిసినప్పుడు, ఇప్పుడు కవర్లన్నీ తనే విప్పుతున్నానని చెప్పింది.

నేను మా బీరువాలోంచి పాత లోను ఫైలు తీశాను. చదవడానికి మూడు సాయంత్రాలు పట్టింది. మీరూ ఒకసారి తీసి చూడండి. మీ సంతకాలు ఎక్కడెక్కడున్నాయో, దేనికి పూచీ పడ్డారో.