ఓడినవారి రెండో మ్యాచ్

రాష్ట్రమంతటా ఔత్సాహికులకు ఆటల పోటీలు పెట్టడం పైకి పాలనా వ్యవహారంలాగే కనిపిస్తుంది. మైదానాలు చూడాలి, రెఫరీలను కుదర్చాలి, భోజనాలు, బస్సులు ఏర్పాటు చేయాలి. కానీ డ్రా గీయడానికి కూర్చున్నవారు మన తత్వచింతనలోని ఒక పాత ప్రశ్నకు కూడా జవాబు రాస్తున్నారు. ఆట ఫలం కోసమా, ఆట కోసమేనా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇలాంటి చర్చే వస్తుంది. ఏ కొరతా లేని ఈశ్వరుడు ఏం కావాలని జగత్తును సృష్టించాడన్న ఆక్షేపణకు బాదరాయణుడు చెప్పిన సమాధానం లీల. కోరికలన్నీ తీరిన రాజు చేసే విహారాన్నీ, ప్రయోజనం చూసుకోకుండా సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలనూ శంకరులు దీనికి దృష్టాంతాలుగా చూపారు. బయటి లాభం ఏదీ లేకుండానే సాగే పని ఒకటుందనీ, లోకంలో దానికి దగ్గరి పోలిక ఆటేననీ వేదాంతం ఒప్పుకుందన్నమాట.

ఈ వెలుగులో మన పోటీలను చూడాలి. 2023 డిసెంబరు 26న గుంటూరులో మొదలైన 'ఆడుదాం ఆంధ్ర'లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ పెట్టారు. పదిహేనేళ్లు నిండిన ఎవరైనా ఆడవచ్చన్నారు. గ్రామ, వార్డు సచివాలయం దగ్గర మొదలై మండలం, నియోజకవర్గం, జిల్లా దాటి రాష్ట్రస్థాయికి చేరే మెట్లు కట్టారు. తెలంగాణ సీఎం కప్ కూడా ఇలా కింది నుంచి పైకి సాగేదే. ఊరివాళ్లందరినీ మైదానానికి పిలవడం గొప్ప ఆలోచన, అందులో సందేహం లేదు. అయితే ఏ మెట్టు మీదనైనా నాకౌట్ పెడితే జరిగేది చూడండి. 32 జట్లు వస్తే 31 మ్యాచ్‌లతో పని పూర్తవుతుంది, విజేత తేలుతుంది. కానీ 16 జట్లు ఒక్క మ్యాచ్‌తో ఇంటిదారి పడతాయి. వారాల తరబడి సాధన చేసి, చందాలు వేసుకుని బనియన్లు కుట్టించుకున్న కుర్రాళ్లకు దక్కేది నలభై నిమిషాల కబడ్డీ. అందరినీ ఆడించడానికి పెట్టిన పోటీలో సగం మందికి అతి తక్కువ ఆట దొరుకుతోంది. ఆట తనంత తానుగా మేలైనదని నిజంగా నమ్మేవారు గీసే డ్రా ఇలా ఉండదు.

నిష్కామ కర్మ గురించి మాట్లాడేటప్పుడు మనం వేలు ఎప్పుడూ ఆటగాడి వైపే చూపిస్తాం. గెలుపోటములు పట్టించుకోవద్దని బహుమతి ప్రదానం రోజున వేదిక మీద నుంచి హితవు చెబుతాం. నా అభిప్రాయంలో ఆ హితవు అందవలసింది నిర్వాహకుడికి. ఆటగాడు గెలవాలనుకోవడం ఆటలో భాగం. బెర్నార్డ్ సూట్స్ అనే తత్వవేత్త 1978లో వెలువడిన 'ది గ్రాస్‌హాపర్' అనే గ్రంథంలో ఆటను నిర్వచిస్తూ, అవసరం లేని అడ్డంకులను మనమే కోరి తెచ్చుకుని దాటే ప్రయత్నం అన్నాడు. గీత దాటడమొక్కటే కావాలనుకుంటే పరుగుపందెంలో ట్రాక్ చుట్టూ తిరగడమెందుకు, మైదానానికి అడ్డంగా పరుగెత్తితే చాలు. అలా ఎవరూ చేయరు. కూతకు వెళ్లినవాడు పాయింటు కోసం ప్రాణం పెడతాడు, కానీ పాయింటు కోసమే ఊరి నుంచి రాలేదు. గీత చెప్పిన కర్మయోగం కూడా పనిని అశ్రద్ధగా చేయమనలేదు. ఫలం మీద ఆశ వద్దన్నచోటే, పని మానేయడం మీద మక్కువా వద్దంది. ఫలాసక్తి అసలు సమస్యగా మారేది పతకాల సంఖ్య, ముగింపు సభ ఫొటో, రిజిస్ట్రేషన్ల లెక్క కోసం పోటీని మలిచేవారి దగ్గర.

ప్రతిభను వెతకడమే ఇలాంటి పోటీల లక్ష్యమనీ, వడబోత లేకుండా అది జరగదనీ కొందరంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ మాట కాదు. పల్లెలో దాగిన ఆటగాడికి జిల్లా కోచ్ కంట పడే అవకాశం ఇదొక్కటే కావచ్చు. కానీ ఒక్క మ్యాచ్ చూసి ప్రతిభను ఎలా కొలుస్తాం? ఆ రోజు ఎదుటి జట్టు బలమైనదైతే మంచి కూతగాడు కూడా చీకట్లోనే మిగిలిపోతాడు. నార్వే పిల్లల క్రీడలకు 1987లోనే నియమాలు రాసుకుంది. పదమూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. అరకోటికి కాస్త మించిన జనాభా ఉన్న ఆ దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలు, 2022లో 16 స్వర్ణాలు గెలిచింది. మంచు, సంపద కూడా అందుకు కారణాలే. అయినా తొందరగా వడకడితేనే విజేతలు పుడతారన్న మాట అక్కడ నిలవలేదు. చదరంగంలోనైతే ఈ చిక్కు ఎప్పుడో విడిపోయింది. 1895లో జ్యూరిక్‌లో మొదలైన స్విస్ పద్ధతిలో ఓడినవారు ఇంటికి వెళ్లరు, తర్వాతి రౌండ్లో తమలాంటి స్కోరు ఉన్నవారితో తలపడతారు. విజేత తేలతాడు, చివరివాడూ చివరి రౌండు దాకా ఆడతాడు.

సమయం, డబ్బు లేవన్నది రెండో అభ్యంతరం. లెక్క వేద్దాం. ఆ 32 జట్లలో మొదటి రౌండు ఓడిన 16 జట్లకు విడిగా ఇంకో డ్రా పెడితే పెరిగేవి 15 మ్యాచ్‌లు. రెండు కోర్టులుంటే ఒక్క రోజు పని. దాంతో ప్రతి జట్టుకూ కనీసం రెండు మ్యాచ్‌లు దొరుకుతాయి. కబడ్డీ నియమాల్లోనే ఈ ఉదారత ఉంది. అవుటైనవాడు శాశ్వతంగా బయట ఉండడు, తోటివాడు పాయింటు తెస్తే తిరిగి లోపలికొస్తాడు. ఆట లోపల ఉన్న ఆ దయను డ్రాలోకి తేలేమా?

అసలు గట్టి అభ్యంతరం ఇంకొకటుంది, అది వేదాంతం లోపలి నుంచే వస్తుంది. లీల అన్నీ తీరినవారికి చెల్లుతుంది. రోజు కూలి పోగొట్టుకుని మైదానానికి వచ్చినవాడికి ఆట కోసమే ఆట అని చెప్పడం క్రూరం కాదా? చరిత్ర ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. ఇంగ్లండ్‌లో హెన్లీ పడవ పందేల నిర్వాహకులు 1879లో రాసిన అమెచ్యూర్ నిర్వచనం చేతివృత్తులవారినీ కూలీలనూ బయట ఉంచింది. అమెరికా అథ్లెట్ జిమ్ థోర్ప్ 1912 ఒలింపిక్స్‌లో గెలిచిన స్వర్ణాలను, అంతకుముందు బేస్‌బాల్‌కు కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడని 1913లో లాక్కున్నారు. ఆట పవిత్రతను కాపాడతామన్నవారు నిజానికి తీరిక ఉన్నవారి హక్కును కాపాడారు. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ దాని నుంచి తేలేది ఆట నిరర్థకమని కాదు. ఆడేవాడి కొరతను కొంతసేపైనా తీర్చే బాధ్యత పిలిచినవారిదని. మ్యాచ్‌లు కూలి పనుల వేళల్లో కాకుండా సాయంత్రాల్లో, ఆదివారాల్లో పెట్టాలి. ఓడిన జట్టుకూ దారి ఖర్చు, భోజనం అందాలి. ఆడపిల్లల జట్లను చీకటి పడకముందే ఇల్లు చేర్చే బండి ఉండాలి. 'ఆడుదాం ఆంధ్ర' రాష్ట్రస్థాయి కబడ్డీ విజేతలకు ప్రకటించిన మొదటి బహుమతి 5 లక్షల రూపాయలు. అలాంటి బహుమతుల్లో కొంత తగ్గించి మండల స్థాయిలో రెండో డ్రాకు మళ్లిస్తే, విజేతల సంతోషం పెద్దగా తగ్గదు. పోటీల నివేదికలో మాత్రం కొత్త గడి ఒకటి చేర్చాలి: మొదటి మ్యాచ్ ఓడిన జట్టు, ఆ తర్వాత ఎన్ని ఆడింది?