పిన్నల పలుకు – పెద్దల సభ

భగవంతుడు మానవునకు ప్రసాదించిన వరములలో వాక్కు మహత్తరమైనది. అయితే ఆ వరమును సభలో వినియోగించుటకు వయోనియమము కలదా? పెద్దలున్నచోట పిన్నలు నోరు విప్పరాదను మాట తరతరములుగా ఇండ్లలో వినబడుచున్నది. వినయమును నేర్పుట యందు ఆ మాటకు విలువ కలదు. కాని పెద్దలందరు మౌనము వహించినపుడు పిన్నవాడేమి చేయవలెను? మహాభారతములోని సభాపర్వము ఈ ప్రశ్నను కఠోరమైన ఘట్టమున నిలిపి చూపుచున్నది.

కురుసభకు ఈడ్చుకొని రాబడిన ద్రౌపది ఒక ప్రశ్న వేసెను. ముందే తన్నుతాను ఓడిపోయిన ధర్మరాజునకు ఆమెను పందెమొడ్డు అధికారము కలదా? ధర్మము సూక్ష్మమని పలికి భీష్ముడు నిర్ణయింపజాలకపోయెను. ద్రోణ కృపులు పలుకలేదు. అపుడు లేచి నిలిచినవాడు దుర్యోధనుని తమ్ముడైన వికర్ణుడు. ప్రశ్నకు సమాధానము చెప్పుట సభ్యుల విధియని అతడు పెద్దలకు గుర్తుచేసెను. ఎవరును పలుకకపోగా తన నిర్ణయమును తానే వినిపించెను. వ్యసనములో మునిగినవాని చేష్ట ప్రమాణము కాదు. ద్రౌపది ఐదుగురకును భార్య. ధర్మరాజు అంతకుముందే ఓడినవాడు. పందెమునకు ప్రేరేపించినవాడు శకుని. కావున ఆమె జయింపబడలేదని అతడు తేల్చి చెప్పెను.

సభ్యులు అతనిని ప్రశంసించిరి. అంతలో కర్ణుడు ప్రతివాదమునకు పూనుకొని, బాలుడవై యుండి వృద్ధునివలె పలుకుచున్నావని వికర్ణుని గద్దించెను. అతని పసితనమే కర్ణునకు ఆయుధమైనది. ప్రశంసించిన సభ్యులలో ఒక్కడైనను అతని పక్షమున గట్టిగా నిలువలేదు. వికర్ణునకు వాక్కు లోపింపలేదు; సభకు చెవి లోపించినది. ఆనాడు ఆ మాట నిలిచి యుండినచో, వంశక్షయమునకు దారితీసిన ఆ పాపము అక్కడనే ఆగి యుండెడిది.

పిన్నలకు వేదిక నిచ్చినచో అహంకారము పెరుగునని కొందరి శంక. దీనికి సమాధానము భగవద్గీత 17వ అధ్యాయములో కలదు. ఇతరులను నొప్పింపనిది, సత్యమైనది, ప్రియమును హితమును అగు పలుకును గీతాచార్యుడు వాక్కునకు సంబంధించిన తపస్సుగా చెప్పెను. స్వాధ్యాయమును దానితో చేర్చెను. తపస్సు అభ్యాసము లేక సిద్ధింపదు. నోరు మూయించి వాక్కును సంస్కరింపజూచుట, నీట దింపక ఈత నేర్పజూచుట వంటిది.

ఆ అభ్యాసమెట్లుండవలెనో కిష్కింధాకాండ తెలుపుచున్నది. భిక్షురూపమున వచ్చిన హనుమంతుడు తొలిసారి పలికినపుడు శ్రీరాముడు శ్రద్ధతో ఆలకించి లక్ష్మణునితో ప్రశంసించెను. అపశబ్దము లేదు, తొందర లేదు, సాగదీత లేదు, స్వరము మధ్యమముగా నున్నది, ముఖమున వికారము లేదు. ఉపన్యాసము నేర్చు విద్యార్థికి ఇంతకన్న మంచి పాఠము దొరకదు. వినువానికిని ఇది పాఠమే. రాముడు మాటలోని గుణమును గ్రహించెను.

నేటి కాలమును ఈ ధర్మమును గుర్తించినది. మన దేశమున 1966-67లో ఢిల్లీ పాఠశాలలలో యువజన పార్లమెంటు పోటీలు ఆరంభమైనవి. వానిలో విద్యార్థులే సభాపతులై, మంత్రులై, ప్రతిపక్షమై ప్రశ్నోత్తరములు నడుపుదురు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశము 1992లో చేరినది. బాలలకు తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పు హక్కు కలదనియు, వారి వయస్సును పరిణతిని బట్టి దానికి తగిన విలువ నీయవలెననియు దాని 12వ అధికరణము చెప్పుచున్నది. పిన్నల మాటయే నెగ్గవలెనని కాదు. తూచకుండ త్రోసివేయరాదని దాని భావము.

అయితే వేదిక నెక్కించుటతోనే పని తీరదు. ఉపాధ్యాయుడు వ్రాసియిచ్చినది వల్లించుట విద్యార్థి పలుకు కాదు. ఏటేట అదే చురుకైన పిల్లవానిని నిలుపుట న్యాయము కాదు. గొంతు మారు వయస్సున సిగ్గుపడు బాలుడు, తడబడు బాలుడు, వెనుకవరుసలోని బాలిక—వీరికే అవకాశము అధికముగా కావలెను. తడబడినపుడు నవ్వక, ముగించినపుడు ఒక మంచి ప్రశ్న వేయుట బహుమతికన్న మిన్న.

బాలికల విషయములో సంకోచించు ఇండ్లవారు గోదాదేవిని స్మరింపవలెను. తోటి కన్నెలను మేల్కొలిపి, వారినందరను కూర్చుకొని స్వామి వాకిట నిలిచిన గొంతు ఆమెది. తిరుమలలో ధనుర్మాసమున సుప్రభాతమునకు బదులుగా ఆమె 30 పాశురముల తిరుప్పావై వినబడును. కన్నెపిల్ల పలుకుతో ప్రభువే మేల్కొనుచుండగా, ఇంటి ఆడపిల్ల పలుకునకు పెద్దలు చెవియొగ్గకుండుట తగునా?

నేడు చిన్న సభలో నిర్భయముగా, వినయముగా సత్యము పలుక నేర్చినవాడే రేపు పెద్ద సభలో అధర్మమును చూచి మౌనము వహింపడు. అట్టివానికి వాక్కు నిచ్చువాడు భగవంతుడు. చెవి నీయవలసినవారు పెద్దలు.