దోమ నేర్చుకొన్నదా?

మందుకు దోమలు అలవాటు పడినవని లోకులు అంటారు. వాడుకకు ఈ మాట చాలు, విచారణకు చాలదు. ఏ దోమా తన జీవితకాలంలో డి.డి.టి.ని సహించడం నేర్చుకోలేదు. మందు చల్లిన గోడపై వాలిన దోమలు వేలకు వేలు చచ్చినవి. ఏ కొన్నింటిలోనో నాడులలోని సోడియం ద్వారాన్ని నిర్మించే జన్యులేఖలో ఒక్క అక్షరం మారి ఉన్నది. ఆ ద్వారాన్ని మందు పట్టుకోలేకపోయినది. మరికొన్నింటిలో విషాన్ని విరిచివేసే ఎంజైములు అధికంగా ఉన్నవి. మందు ఈ భేదాన్ని పుట్టించలేదు, ఏరినది. మిగిలినవి సంతానాన్ని కన్నవి. దోమ తెలివి ఇందులో ఏమీ లేదు. ఏరినవాడు మానవుడు.

ఇది గ్రహించిన పిమ్మటనే నైతిక ప్రశ్న మొదలవుతుంది. శత్రువు మోసగించినదని చెప్పుకోవడం సుఖం. ఎవరు ఎంత ఖర్చు పెట్టినారన్న లెక్క అప్పుడు అడగనక్కరలేదు.

మలేరియా క్రిమిని దోమ కడుపుగోడలో రొనాల్డ్ రాస్ చూచినది 1897 ఆగస్టు 20న, సికిందరాబాదులో. డి.డి.టి. కీటకాలను చంపుతుందని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించినది. స్వాతంత్ర్యం వచ్చిననాడు భారతదేశంలో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదని, ఎనిమిది లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ఆరంభమైనవి. 1960ల నడుమకు రోగుల సంఖ్య ఇంచుమించు ఒక లక్షకు దిగినది. 1976లో అది 64 లక్షలకు పైబడినది. ప్రతిరోధం ఒక్కటే ఇందుకు కారణం కాదు. నిధులు తగ్గినవి, కావలి సడలినది. కాని పల్లెలలో మలేరియాను మోసే ఆనోఫిలిస్ కులిసిఫేసిస్ దోమలో డి.డి.టి. ప్రతిరోధం 1950ల చివరనే కానవచ్చినది.

నింద ఎవరిపై పడినది? తరచు పల్లెటూరి ఇల్లాలిపై. చల్లిన గోడను ఆమె పండుగకు మట్టితో, పేడతో అలికివేసినదని. మరుమారు చల్లడానికి వచ్చినవారిని గడప దాటనీయలేదని. అలికిన గోడపై మందు సరిగా పనిచేయదన్నది నిజమే. కాని గోడ అలకడం ఆమెకు ఇంటి శుచి. పైగా మందు చల్లినా నల్లులు చావకపోవడం ఆమె కన్నులార చూచినది; నల్లులకు ప్రతిరోధం ముందుగానే వచ్చి ఉన్నది. శాస్త్రజ్ఞుడు పరీక్షలో చూచినదానిని ఆమె మంచం కోళ్లలో చూచినది. ఆమెను అజ్ఞాని అనడం అన్యాయం.

అదే విషం పొలాలలోనూ కురిసినది. సేద్యంలో డి.డి.టి. వాడకాన్ని భారతదేశం నిషేధించినది 1989లో. మందు కలిసిన పొలం నీటిలో దోమపిల్లలు పెరిగినవి. పైరు పురుగును చంపగోరిన రైతు తాను దోమను కూడ ఏరుతున్నానని ఎరుగడు. అతనికి ఎవరూ చెప్పలేదు. ఊరి చెరువుకు వంతులు, కట్టుబాట్లు ఉంటవి. దోమ మందుకు లొంగే గుణం కూడ అట్టి ఉమ్మడి సొత్తే. దానికి మాత్రం వంతు లేదు, నీరుకట్టు లేడు.

అట్లని మందును దాచుకొమ్మని చెప్పగలమా? రేపటి బిడ్డకై నేటి బిడ్డను జ్వరానికి అప్పగించడం ఏ ధర్మమూ ఒప్పదు. కాని పంట లాభాన్ని ఆ బిడ్డ ప్రాణంతో ఒకే త్రాసులో తూచి, రెండింటికీ ‘అవసరం’ అని ఒకే పేరు పెట్టడం తప్పు.

దోమతెరలకు నేడు పట్టించే పైరెథ్రాయిడ్ మందులు డి.డి.టి. పట్టిన ఆ సోడియం ద్వారాన్నే పట్టుతవి. ఆ జన్యులేఖలో అక్షరం మారిన దోమకు తెర మీది మందు కూడ కొంత పలుచబడినట్లే. ఒడిశా అడవి పల్లెలో ఆ తెర క్రింద నిద్రించే బిడ్డకు, తాను పుట్టకమునుపు ఎవరు ఏ పొలంలో ఏమి చల్లినారో తెలియదు.