మూగజీవాలు మన దగ్గర అమానతు

మూగజీవాలపై దయ చూపడం పుణ్యకార్యమని తెలియని ముస్లిం ఉండడు. అయితే దయ చూపిన తరువాత ఆ జీవి ఎవరిదవుతుంది? గాయపడిన పిట్టను ఇంటికి తెచ్చి, మందు వేసి, మేత పెట్టి బతికించిన మనిషికి దానిపై హక్కు ఏర్పడుతుందా? ఈ ప్రశ్న చాలా చిన్నదిగా కనిపిస్తుంది. మాకూ మొదట్లో అలాగే కనిపించింది. ఒక రామచిలుక ప్రాణం పోయిన తరువాతనే దీని బరువు మాకు తెలిసింది.

మేము ఉండేది మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. సింగరేణి బొగ్గు గనుల ఊరు. ఎండాకాలంలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. ఆ ఎండలకు గొంతెండిన పిట్టలు కొమ్మల మీది నుండి రాలి పడుతుంటాయి. మా పెరట్లో ఒక రేకుల షెడ్డు, అందులో జాలీ కొట్టిన రెండు గూళ్లు, చేపల కోసం ఒక సిమెంటు తొట్టి ఉన్నాయి. పిల్లలు దానికి 'ఆస్పత్రి' అని పేరు పెట్టారు. వడదెబ్బ తగిలిన పిచ్చుకలు, గాలిపటం మాంజాకు రెక్క తెగిన పావురాలు, గూడు కూలి నేలపాలైన పిల్లలు, ఎవరికి ఏది దొరికినా మా గడప దగ్గరికి తెస్తారు. ఇందులో మా గొప్పతనం ఏమీ లేదు. ఇది మేము చేసిన ఒక పొరపాటు కథ.

ఒక మే నెలలో గాలిదుమారానికి వీధిలోని చెట్టు కూలింది. దాని తొర్రలో నుండి పడిన రామచిలుకను పిల్లలు టోపీలో పెట్టుకుని తెచ్చారు. రెక్క వాచి ఉంది. నానబెట్టిన శనగలు, జామపండు ముక్కలు పెట్టాము. ఆరు వారాలు గడిచేసరికి రెక్క బాగైంది. గూటిలో ఈ చివరి నుండి ఆ చివరికి ఎగరసాగింది. తలుపు తెరవవలసిన రోజు వచ్చేసింది.

మేము తెరవలేదు. అప్పటికే అది "సలాం" అనడం నేర్చింది. ఇంటికి వచ్చిన చుట్టాలు దానిని పలకరించనిదే కూర్చునేవారు కారు. "అబ్బా, ఇంకొన్ని రోజులు ఉండనియ్యండి" అని చిన్నవాడు బతిమాలాడు. నిజం చెప్పాలంటే వాడు బతిమాలకపోయినా మేము ఉంచుకునేవారమే. వానలు తగ్గాక వదులుదామనుకున్నాము. తరువాత చలి పోనీ అనుకున్నాము. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి మనసు గట్టి చేసుకుని ఒక సాయంత్రం తలుపు తెరిచాము. అది ఎగిరి పక్కింటి గోడ మీద వాలింది. అంతకు మించి పోలేకపోయింది. ఆ రెక్కలలో ఇక బలం లేదు. మనిషిని చూసినా, పిల్లిని చూసినా దానికి భయం లేదు. మరునాటి ఫజ్ర్ నమాజుకు బయలుదేరినప్పుడు గోడ కింద పచ్చని ఈకలు కనిపించాయి.

పిల్లిని మేము తప్పు పట్టలేదు. అది దాని ఆహారం తిన్నది. తప్పు ఆ ఎనిమిది నెలలది.

రెండు దారులు

పిల్లిని బంధించి చంపిన స్త్రీ వృత్తాంతం మనమందరం విన్నదే. ఆమె దానికి తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతికేందుకు వదలనూ లేదు. ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురయిందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. ఈ హదీసును మనం సాధారణంగా తిండి పెట్టకపోవడం గురించిన హెచ్చరికగానే వింటాము. కాని అందులో ఆమె ముందు ఉన్న దారులు రెండు: పోషించడం, వదలడం. మేము మొదటి దారిని పట్టుకుని రెండవదానిని మరచిపోయాము. కడుపు నింపాము గనుక బాధ్యత తీరిపోయిందనుకున్నాము.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చు. పక్షిని పెంచుకోవడం ధర్మంలో నిషిద్ధమా? కాదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయినప్పుడు ఆ పసివాడి దుఃఖాన్ని చూసి దైవప్రవక్త (సఅసం) దాని పేరెత్తి ముద్దుగా పలకరించారే గాని, దానిని ఎందుకు ఉంచుకున్నావని మందలించలేదు. హింస లేకుండా, మేతా నీరూ సక్రమంగా అందిస్తూ పక్షిని ఉంచుకోవచ్చునని ధర్మవేత్తలు దీని నుండి గ్రహించారు.

అయితే ఒక ప్రయాణంలో జరిగిన మరో సంఘటనను హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. సహచరులు ఒక పక్షి పిల్లలు రెండింటిని పట్టుకున్నారు. తల్లి పక్షి రెక్కలు కొట్టుకుంటూ వారి చుట్టూ తిరగసాగింది. దైవప్రవక్త (సఅసం) వచ్చి చూసి, పిల్లలను తీసుకుని దీనిని బాధపెట్టింది ఎవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. ఆ సహచరులు పిల్లలను హింసించారని ఉల్లేఖనంలో లేదు. తల్లి ఆవేదనే సరిపోయింది.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అర్థమైనది ఇది: అనుమతి ఒకటి, మేలైన నడవడి ఒకటి. 'ఉంచుకోవచ్చునా?' అన్న ప్రశ్నతో మనం ఆగిపోతే అనుమతి దగ్గరే ఆగిపోతాము. 'ఉంచుకుంటే ఎవరికి మేలు?' అని అడిగినప్పుడే ఇహ్సాన్ మొదలవుతుంది. రామచిలుక విషయంలో మేము ఈ రెండవ ప్రశ్నను అడగలేదు. అడిగి ఉంటే జవాబు వెంటనే దొరికేది. పంజరం మొదటి ఆరు వారాలు చిలుక కోసం. ఆ తరువాతదంతా మా కోసం.

భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మానవుల వంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరాలో బోధిస్తున్నది. అయినప్పుడు ఆ చిలుకకూ ఒక సముదాయం ఉంది. మేము దానిని బతికించి, దాని సముదాయానికి మాత్రం దూరం చేశాము. పొరుగువాడు దాచమని ఇచ్చిన సొమ్మును ఎంత జాగ్రత్తగా కాపాడినా అది మన సొమ్ము కాదు. తిరిగి ఇవ్వకపోతే ఆ కాపాడటమే ద్రోహంగా మారుతుంది. గాయపడిన జీవి కూడా అల్లాహ్ మన చేతిలో కొద్ది రోజులు ఉంచిన అమానతు.

మరో విషయం కూడా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకలను, మునియాల వంటి అడవి పిట్టలను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచడం నేరం. ఆనాడు మాకు ఇది తెలియదు. ఇప్పుడు అలాంటి పక్షి వస్తే ప్రథమ చికిత్స చేసి అటవీ శాఖ వారికి తెలియజేస్తున్నాము.

తెలియని దయ

అలాగని ప్రతి తలుపూ తెరవడమే ధర్మం అనుకుంటే అదీ పొరపాటే. దుకాణాలలో లవ్‌బర్డ్స్ పేరుతో అమ్మే చిన్న చిలుకలు పంజరంలోనే పుట్టినవి. వాటి జాతి పుట్టిల్లు ఆస్ట్రేలియా, ఆఫ్రికా. మన ఊరి గాలిలోకి వదిలితే ఆకలికో, కాకులకో బలి అవుతాయి. వాటిని బతికినంత కాలం బాగా చూసుకోవడమే దయ. రెక్క శాశ్వతంగా పోయిన పక్షి సంగతీ అంతే.

చేపలు మాకు ఇంకా పెద్ద పాఠం నేర్పాయి. వేసవిలో గోదావరి పాయలు ఎండి, మడుగులలో చేపలు చిక్కుకుపోతాయి. ఒకసారి పిల్లలు బకెట్టులో తెచ్చిన చేపలను అప్పుడే పట్టిన నల్లా నీళ్లలో వేశాము. కొద్ది గంటల్లో సగం తేలిపోయాయి. నల్లా నీటిలో కలిపే క్లోరిన్ చేపల మొప్పలకు విషమని తరువాత తెలిసింది. ఆ నీటిని వెడల్పాటి తొట్టిలో ఒకటి రెండు రోజులు ఆరుబయట ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొట్టి నీరంతా ఒకేసారి మార్చకుండా కొంచెం కొంచెంగా మార్చాలి. కొర్రమీను మరీ ప్రత్యేకం. అది నీటి పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నీటి అంచు వరకు మూత బిగిస్తే నీళ్లలో ఉండీ ఊపిరాడక చస్తుంది. దానిని చిన్న చేపలతో కలిపి ఉంచితే అవి దానికి భోజనమవుతాయి.

పక్షుల విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తలున్నాయి. సొమ్మసిల్లిన పిట్ట నోరు తెరిచి నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం తీస్తాయి. చీకటిగా, చల్లగా ఉన్న చోట అట్టపెట్టెలో కాసేపు కదిలించకుండా ఉంచి, తేరుకున్నాక గిన్నెలో నీరు ముందు పెట్టాలి. పాలు పట్టకూడదు. అవి పిట్టలకు అరగవు.

అక్వేరియం చేపలను 'స్వేచ్ఛ' పేరుతో చెరువులోనో, నదిలోనో వదలడం కూడా దయ కాదు. తొట్టి గోడలు శుభ్రం చేస్తుందని కొనే సక్కర్ చేప అలా నీళ్లలోకి చేరి, మన చేపల తావును ఆక్రమించి, జాలర్ల వలలను చింపుతున్నది. ఒక జీవిని విడిపించామన్న మన తృప్తికి వెల వేరే జీవులు, పేద జాలరులు చెల్లిస్తున్నారు.

సదఖా పేరుతో పంజరంలోని పిట్టలను కొని ఎగురవేసే అలవాటు కూడా ఇలాంటిదే. సంకల్పం మంచిదే. కాని మనం ఇచ్చే డబ్బే వేటగాడికి రేపటి వలకు పెట్టుబడి. పది పిట్టలు విడుదలైతే వాటి స్థానంలో మరికొన్ని పట్టుబడతాయి. పట్టేటప్పుడు, మోసేటప్పుడు చచ్చినవి మన కంటికి కనబడవు. ఆ సొమ్మును గాయపడిన జీవి మందుకో, ఎండలో నీటి తొట్టికో ఖర్చు చేస్తే సదఖా సఫలమవుతుంది కదా!

ఢిల్లీ సోదరులు

దయకు జ్ఞానం తోడైతే ఎలా ఉంటుందో చూడాలంటే ఢిల్లీ సోదరులు నదీమ్ షెహజాద్, మొహమ్మద్ సవూద్‌లను చూడవచ్చు. గద్దలకు మాంసం విసిరితే పుణ్యమని పెద్దలు చెబుతుండగా పెరిగిన వారు. 2003లో గాయపడిన గద్దకు చికిత్స చేయించాలని చూస్తే, మాంసాహార పక్షులకు చికిత్స చేయమని పక్షుల ఆస్పత్రి వారు తిప్పి పంపారు. అన్నదమ్ములు తామే నేర్చుకున్నారు. సబ్బు డిస్పెన్సర్లు తయారుచేసే జీవనోపాధి సాగిస్తూనే, ఇంటి కింది గదిలో మాంజాకు తెగిన రెక్కలు కుట్టారు. 2010లో వైల్డ్‌లైఫ్ రెస్క్యూ అనే సంస్థను స్థాపించారు. వారి చేతుల మీదుగా 20 వేలకు పైగా పక్షులు చికిత్స పొందాయి. వారిపై 2022లో వచ్చిన డాక్యుమెంటరీ మరుసటి సంవత్సరం ఆస్కార్ పోటీ దాకా వెళ్లింది. మాకు నచ్చినది ఆ పేరు ప్రఖ్యాతులు కావు. వారు చేర్చుకున్న పక్షి ఎగరగలిగితే వెళ్లిపోవలసిందే. గద్ద కృతజ్ఞత చెప్పదు, సలాం అనదు. అలాంటి జీవికి చేసిన సేవలో మనకంటూ మిగిలేది అల్లాహ్ ప్రసన్నత ఒక్కటే.

ఒక పొరుగాయన మమ్మల్ని నిలదీశాడు: "కోడికూర తినెటోళ్లు పిట్టల మీద జాలి జూపుడేంది భాయ్?" సరైన ప్రశ్నే. అల్లాహ్ మనకు కొన్ని జీవులను ఆహారంగా అనుమతించాడు. ఆ అనుమతికి హద్దులు పెట్టాడు. ఆయన పేరుతో కోయాలి, కత్తి పదునుగా ఉండాలి, జంతువును బాధించకూడదు. తినే ఉద్దేశం లేకుండా పిచ్చుకను చంపినా దాని గురించి లెక్క అడగబడుతుందని, ప్రాణమున్న దానిని గురికి నిలపరాదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. కనుక తినే అనుమతి హింసించే అనుమతి కాదు. కోడికూర తినేవాడికి జాలి అక్కరలేదనడం కాదు, అతనికే మరింత అవసరం అనడం న్యాయం. అందుకే కోళ్లను కాళ్లు కట్టి తలకిందులుగా సైకిలుకు వేలాడదీసినప్పుడు కూడా మనకు మాట పెగలాలి.

గని తలుపు

మా ఊరి వారికి ఈ విషయం చెప్పడానికి బొగ్గు గనిని మించిన ఉదాహరణ లేదు. వెనుకటి కాలంలో బ్రిటన్ గనులలో విషవాయువును పసిగట్టడానికి కానరీ అనే పసుపు పిట్టను పంజరంలో దించేవారు. 1890లలో హాల్డేన్ అనే శాస్త్రవేత్త సూచించిన పద్ధతి ఇది. కార్బన్ మోనాక్సైడ్ ఉంటే మనిషి కంటే ముందు పిట్ట పడిపోయేది. మనుషులు బయటికి పరుగెత్తేవారు. 1986లో అక్కడ పిట్టల స్థానంలో పరికరాలు తెచ్చారు. కొన్ని పంజరాలకు పైన చిన్న ఆక్సిజన్ సిలిండరు అమర్చి ఉండేది. పిట్ట సొమ్మసిల్లగానే తలుపు మూసి ప్రాణవాయువు వదిలి దానిని బతికించేవారు. తమను కాపాడిన ప్రాణికి తాము రుణపడి ఉన్నామని ఆ కార్మికులకు తెలుసు.

షిఫ్టు ముగిసి గని నుండి పైకి వచ్చి మొదటి గాలి పీల్చుకునే క్షణం ఎలా ఉంటుందో మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. దిగిన మనిషికి పైకి వచ్చే హక్కు ఉంది. అలాగే గాయపడి మన గూటిలోకి దిగిన పిట్టకు కూడా మళ్లీ పైకి పోయే హక్కు ఉంది.

దాహంతో ఉన్న కుక్కకు నీరు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడు. ఆ మనిషి తరువాత కుక్కను కట్టేసుకుని ఇంటికి తీసుకుపోయాడని ఎక్కడా లేదు. దాహం తీర్చాడు, తన దారిన తాను వెళ్లాడు. మేము నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

ఇప్పుడు మా 'ఆస్పత్రి'కి ఒక నియమం ఉంది. పిట్ట గూటిలో అడుగుపెట్టిన రోజే గోడ మీది క్యాలెండరులో దానిని వదలవలసిన రోజును పిల్లలు అంచనాగా రాస్తారు. దానికి పేరు పెట్టరు. మాటలు నేర్పరు. ఆ రోజు వచ్చినప్పుడు చిన్నవాడే బిస్మిల్లాహ్ అని తలుపు తెరుస్తాడు. ఒక్కోసారి వాడి కళ్లు చెమరుస్తాయి. మావీ అంతే. అయినా తలుపు తెరుచుకుంటుంది.

మన చేతికి అప్పగించిన ప్రతి ప్రాణినీ కాపాడే శక్తిని, వేళకు అప్పగించే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.