కరవునకు మూలమెయ్యది?

ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుట పుణ్యమని మనమందఱ మెఱుఁగుదుము. అతఁడేల ఆకలిగొనెనని మాత్రము అడుగము. 1943లో వంగదేశమున లక్షలకొలది జనులు కరవువాతఁ బడి మడిసిరి. ధాన్యము బొత్తిగా లేకపోలేదు. యుద్ధకాలపు ధరలకుఁ గూలివాని సంపాదన చాలకపోయెను. ఈ విషయమును అమర్త్యసేనుగారు 1981లో వెలువరించిన గ్రంథమున విశదపఱచిరి. నేఁటికిని లోకమునఁ బెక్కుచోట్ల ఆకలికి మూలమిదియే. గంజికేంద్రములు ప్రాణము నిలుపునేగాని కరవును మాన్పఁజాలవు. పనియు, తగిన కూలియు, తన కష్టమును పాలకులకు నిర్భయముగాఁ దెలుపు హక్కును గలచోటఁ గరవు వేరూనదని మా తలంపు.

ఈ న్యాయము ఇంటనే యారంభము కావలెను. పనిమనిషికిఁ బండుగనాఁడు పాతచీర నిచ్చి సంతసింతుము. జీతము పెంచుమన్న మొగము చిట్లింతుము. దానము మనకుఁ గీర్తి నిచ్చును. న్యాయము ఆమెకు అన్నము నిచ్చును. మనము కోరునది యేది?