శాసనసభ్యుడు ఎవరివాడు?

మన సంఘ సమావేశములు ముగిసి భోజనములకు లేచు వేళ ఏదో యొక మూలనుండి ఒక మాట తప్పక వినబడును: "శాసనసభలో మనవాడొకడున్నచో మనకీ అగచాట్లుండునా?" బడిలో తెలుగు పంతులుండడు, పుస్తకములు వేళకు రావు, అర్జీకి బదులు రాదు. ఆ మాట యనువారిని తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. నేనును పలుమారు అన్నవాడనే. అయినను "మనవాడు" అను ఆ చిన్న పదమున పెద్ద ధర్మసందేహ మొకటి దాగియున్నది. ఒకడు పుట్టిన యింటి భాష తెలుగు. వానికి ఓటు వేసి సభకు పంపినవారిలో అధికులు తమిళులో, కన్నడిగులో, ఒడియావారో. వాడు సభలో కూర్చుండినపుడు ఎవరివాడు?

ఈ సందేహమును గాలిలో చర్చించుటకంటె ఒక మనుష్యుని జీవితమున పెట్టి చూచుట మేలు. అందుకు నాకు పూసపాటి సంజీవి కుమారస్వామిరాజా గారికంటె తగినవారు కనబడలేదు. వారు 1898 జూలై 8న రాజపాళయమున జన్మించిరి. మద్రాసునకు దక్షిణమున అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దూరములో, పడమటి కనుమల నీడనున్న ఊరది. అచటి రాజులు విజయనగర, నాయకరాజుల కాలమున తరలిపోయి స్థిరపడినవారు. నేటికిని ఇండ్లలో తెలుగు మాటలాడుదురు. విజయనగరం గజపతుల యింటిపేరును పూసపాటియే యని వేరుగ చెప్పనక్కరలేదు. గాంధీజీ మార్గమున కాంగ్రెసులో పెరిగిన రాజాగారు 1949 ఏప్రిల్ 6న మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రి యయిరి. ముఖ్యమంత్రి యను పేరు 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చిన పిమ్మటనే వచ్చినది.

ఆ పదవి ఆయనకు లభించిన తీరే మన ప్రశ్నకు ఒక పార్శ్వమును చూపును. అంతకు ముందు రెండేండ్లు దిండివనమునకు సమీపమున గల ఓమందూరు రామస్వామి రెడ్డియారు గారు ప్రధానిగా నుండిరి. హరిజనులకు దేవాలయ ప్రవేశము, దేవదాసీ సమర్పణ నిషేధము, ఎస్టేటుల రద్దు, ఈ చట్టములన్నియు వారి కాలపువే. శాసనసభ్యులు పట్టుకొని వచ్చు సిఫారసులను మాత్రము ఆయన లెక్కచేయలేదు. ఆ నిక్కచ్చితనము కాంగ్రెసు సభ్యులలో పలువురికి కంటగింపయ్యెను. వారు నాయకుని మార్చుకొనిరి. సిఫారసు విననివానిని సభ్యులు దింపిరి, నిజమే. కాని ఆ సిఫారసు కొరకు సభ్యుల యిండ్లచుట్టు తిరుగువా రెవరు? ఆ పాపమున మన పాలును కొంత యున్నదని నా అభిప్రాయము.

రాజాగారి అసలు పరీక్ష ఆ యేడే వచ్చెను. జవహర్లాలు, వల్లభభాయి, పట్టాభి గారల సంఘము 1949 ఏప్రిలులో తన నివేదికనిచ్చినది. మద్రాసు నగరముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ఆలోచింపవచ్చునని దాని సారాంశము. దానిపై ఆ సంవత్సరాంతమున మద్రాసు ప్రభుత్వము విభజన సంఘము నొకదానిని నియమించెను. ఆంధ్రుల పక్షమున ప్రకాశం పంతులు గారు, బెజవాడ గోపాలరెడ్డి గారు, కళా వెంకటరావు గారు, నీలం సంజీవరెడ్డి గారు. రెండవ పక్షమున టి.టి. కృష్ణమాచారి గారు, భక్తవత్సలం గారు, మాధవమేనోను గారు. అధ్యక్షపీఠమున కుమారస్వామిరాజా గారు!

పాఠకులు ఒక్క క్షణము ఆ పీఠమును ఊహించుకొనవలయును. బల్లకు ఒకవైపువారి మాతృభాష ఆయన తల్లిభాష; రెండవవైపువారి భాష ఆయనకు ఓటు వేసినవారి భాష. ఆంధ్రుల కోరిక తీరినను తీరకున్నను, గీత ఎచట గీచినను రాజపాళయము తమిళదేశముననే యుండును. ప్రకాశం పంతులు గారు మద్రాసు నగర విషయమున తమ భిన్నాభిప్రాయమును వ్రాసియిచ్చిరి. ప్రయత్నము అంతటితో నిలిచిపోయెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు ప్రాణమర్పించిన తరువాత గాని, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము రాలేదు. రాజాగారు ఆంధ్రుల వైపు మొగ్గవలసినదా?

నేను కాదందును. ఆ పీఠమున కూర్చున్నవాడు తమిళ, ఆంధ్ర, కేరళ, కర్ణాటక ప్రాంతము లన్నిటికిని ప్రధాని. తల్లిభాషను తక్కెడలో వేసియుండినచో, మరునాడు మరియొకడు తన కులమును వేయుటకు అదియే దారి చూపియుండును. శాసనసభ్యుడు రాజ్యాంగము 188వ అధికరణము ననుసరించి చేయు ప్రమాణమును చదువుడు. అందు కులము లేదు, భాష లేదు. చిత్రమేమనగా, ఎన్నుకొన్న నియోజకవర్గము పేరుకూడ లేదు.

అయినచో ఇంటిభాషవారికి అతడు ఏమియు ఋణపడి యుండలేదా? ఇచ్చట నాకు వికర్ణుడు జ్ఞప్తికి వచ్చును. ద్యూతసభలో భీష్మద్రోణాదులు నోరు మెదపనప్పుడు, దుర్యోధనుని తమ్ముడే లేచి ద్రౌపది ఓడబడలేదని పలికెను. సభలో స్వపక్షమువాడు చేయదగిన పని యది. అతడు ఆమెకు ఉపకారము చేయలేదు. తాను చూచినది చూచినట్లు చెప్పెను. కర్ణుడు కసరి కూర్చుండబెట్టెను. యుద్ధమున అతడు అన్నల పక్షముననే నిలిచి భీముని చేత మడియుట వేరు కథ. మనిషి ఒకచోట పలికినంత మాత్రమున అన్ని ముడులును విడిపోవు.

సభ్యుని నుండి మనము కోరదగినది ఇట్టి సాక్ష్యమే, సిఫారసు కాదు. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక భాష యగు పిల్లవాని అవస్థ తక్కిన సభ్యులకు తెలియదు. తెలియకపోవుట వారి దోషమును కాదు. తెలిసినవాడు చెప్పవలయును. ఈ కొలతతో చూచినచో రాజాగారి కాలపు నాయకుల నందరిని నేనొక ప్రశ్న అడుగకుండ ఉండలేను. నగర మెవరిదను వాదము మిన్నుముట్టినది సరే. గీతకు ఆవల మిగులు తెలుగువారి బడులు, ఈవల మిగులు తమిళుల బడులు ఏమగునని బల్లపై గ్రుద్ది యడిగినవారెందరు? మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని గూర్చిన 350-బి, రెండును 1956లో గాని రాజ్యాంగమున చేరలేదు. తమిళనాట 2006 నాటి చట్టము తమిళమును తప్పనిసరి చేసి ఏటేట పై తరగతులకు ప్రాకినపుడు, మన కుటుంబములు న్యాయస్థానముల మెట్లెక్కవలసి వచ్చినది.

1952 ఎన్నికలలో రాజాగారు తమ సీమలోనే ఓడిపోయిరి. 375 స్థానములలో కాంగ్రెసునకు దక్కినవి 152. ఆ ఓటమిలో భాషకు పాలెంత యని వెదకుట వ్యర్థము; అది బియ్యము కొరత కాలము. 1954లో ఒడిషా గవర్నరుగా వెళ్లి 1956 వరకు ఉండిరి. 1936 ఏప్రిల్ 1న ఆ రాష్ట్రము ఏర్పడినప్పుడే గంజాము, కోరాపుట్ ప్రాంతముల తెలుగువారు గీతకు ఆవల నిలిచిపోయిరి. మద్రాసులో విభజన బల్లకు పెద్దయైనవారు, విభజన ముగిసిపోయిన చోటికి పెద్దయై వెళ్లిరి. 1957 మార్చి 16న కాలధర్మము నొందిరి. రాజపాళయములోని తమ యింటిని ఊరికిచ్చివేసిరి. అది గాంధి కలై మన్రమైనది. పేరు తమిళము, ఇచ్చిన చేయి తెలుగు. ఊరి కిందులో భేదము తోచినట్లు లేదు.

మొన్న మా సంఘమువారు తెలుగు ఉపాధ్యాయుని కొరకు స్థానిక సభ్యునికి అర్జీ వ్రాసిరి. ఆయన పూర్వులును తెలుగువారేనట. "తాము మావారు గనుక" అని మొదటి వాక్యము. దానిని కొట్టివేయుడంటిని. కార్యదర్శిగారు చిన్నబుచ్చుకొని, కొట్టివేసి, "మరి ఇచట నేమి వ్రాయవలెనండి?" అనిరి. మన వీధులలో తెలుగు చదువగోరు పిల్లలెందరో వ్రాయుడంటిని. ఆ లెక్క మాలో నెవ్వరికిని తెలియదు. వచ్చే ఆదివారము ఇంటింటికి వెళ్లి తెచ్చుటకు నిశ్చయమైనది.