నఖ్లా రాళ్లలో నీటి జాడ

1911 జూన్ 28 ఉదయం ఈజిప్టులో, అలెగ్జాండ్రియా దాపున ఉన్న నఖ్లా ఊరి పరిసరాల్లో ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయి. దాదాపు నలభై ముక్కలు, మొత్తం సుమారు 10 కిలోలు. అవి అంగారకుడివని తెలియడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ రాయి 130 కోట్ల ఏళ్ల నాటి లావా. దాని పగుళ్లలో సన్నటి బంకమట్టి చారలున్నాయి, కార్బనేట్లున్నాయి, మనం వంటలో వేసుకునే ఉప్పూ ఉంది. నీరు తగలనిదే రాయి బంకమట్టి కాదు. ఉప్పునీరు ఇంకిపోతేనే ఉప్పు మిగులుతుంది.

మరి ఆ నీరు ఈజిప్టు నేలది కాదని ఎలా చెప్పగలం? నన్ను అన్నిటికన్నా కదిలించే సాక్ష్యం ఇదే. మన వాతావరణంలోంచి దూసుకొస్తున్నప్పుడు రాయి పైభాగం కరిగి నల్లటి పెంకు కట్టింది. లోపలి మట్టి చారలు ఆ పెంకు దగ్గరికి వచ్చి తెగిపోయాయి. అంటే రాయి భూమిని చేరేసరికే అవి అందులో ఉన్నాయి!

అయితే రాయిలో ఎక్కువ భాగం మార్పు లేకుండానే ఉంది. నీరు అక్కడ ఎక్కువ కాలం నిలవలేదన్నమాట. ఏదో పెద్ద ఉల్క ఢీకొన్న వేడికి నేల అడుగున ఉన్న మంచు కరిగి, ఆ పగుళ్లలో కొద్దికాలం పారి ఉంటుందని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం.